సోడియానికి రెండు పేర్లు

"నేను చదవను. ఇందులో ఉన్నది మా తాతయ్య కాదు," అంది మా అమ్మాయి, కాగితం నా ముందు పడేసి.

నాన్న పోయి ఏడాదవుతోంది. ఆదివారం చుట్టాలందరం వీడియోలో కలిసి ఆయన్ని తలుచుకుందామనుకున్నాం. మనవరాలు తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే బావుంటుందని నేనే కూర్చుని రాశాను. "మా తాతయ్య గొప్ప రసాయన శాస్త్రవేత్త. క్రమశిక్షణకు మారుపేరు." ఏ హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభకో రాసినట్టుంది, నిజమే. అయినా ఒప్పుకుంటానా? తెలుగు చదవడం బద్ధకమై వంకలు పెడుతున్నావన్నాను. ఆ అన్నది కూడా ఇంగ్లీషులో. నాకు కోపమొస్తే తెలుగు రాదు, బుజ్జగించేటప్పుడే వస్తుంది.

నాన్న శాస్త్రవేత్తేమీ కాదు. తాగునీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళలో క్లోరైడు ఎంతుందో తేల్చడానికి బ్యూరెట్ అనే కొలత గీతల గాజుగొట్టంలోంచి సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్కచుక్కగా వదిలేవారు. పొటాషియం క్రోమేట్ వేసిన పసుప్పచ్చటి నీళ్ళు ఇటుక రంగుకి తిరిగే క్షణాన ఆపెయ్యాలి. ఒక్క చుక్క ఎక్కువైందా, పారబోసి మళ్ళీ మొదలు. ఆ సిల్వర్ నైట్రేట్ వేలికి అంటితే అప్పటికేమీ కనపడదు. వెలుతురు తగిలాక నల్లగా తేలుతుంది, ఎంత సబ్బు రుద్దినా పోదు. నా చిన్నతనమంతా నాన్న వేళ్ళ నిండా ఆ మచ్చలే. స్నేహితుల ముందు ఆ చెయ్యి పట్టుకోవాలంటే నాకు నామోషీ. ఇది కాగితంలో రాయలేదు లెండి.

ఈ దేశానికొచ్చాక నేనో రూలు పెట్టాను: తాతయ్య, మనవరాలు తెలుగులోనే మాట్లాడుకోవాలి. "బడికెళ్ళావా?" "ఊఁ." "బాగా చదువుతున్నావా?" "ఊఁ." ఆ తర్వాత ఇద్దరూ తెరలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చునేవారు. నేను వెనకనుంచి "మాట్లాడవే" అని పొడిచేదాన్ని.

నేను పక్కగదిలోకి వెళ్ళాక ఏం జరిగేదో నిన్న తెలిసింది. మా అమ్మాయి సైన్సు పుస్తకం కెమెరాకి ఆనించేదట. సోడియం అని పిలుస్తూ 'ఎన్ఏ' అని రాస్తారెందుకని ఓసారి అడిగిందట. "లాటిన్లో దాని పేరు నాట్రియం. నీకు మాత్రం ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు లేవూ?" అన్నారట నాన్న. 1807లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త కాస్త తేమ తగిలిన పొటాష్‌లోకి కరెంటు పంపితే మెరుస్తూ చిన్న చిన్న పొటాషియం గుండ్లు బయటపడి భగ్గుమన్నాయనీ, అది చూసి ఆయన గదంతా గంతులేశాడనీ చెప్పారట. చెప్పి ఊరుకోలేదు, కుర్చీలోంచి లేచి ఆ గంతులు వేసి చూపించారట.

మా నాన్న! గంతులు!

"ఇదంతా ఇంగ్లీషులోనా?" అన్నాను. చూడండి, నాకు తట్టిన ప్రశ్న అదీ.

"రెండూ కలిపి. నువ్వొస్తున్న చప్పుడైతే తెలుగులోకి మారిపోయేవాళ్ళం."

కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరడిగినా, ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి వినపడనివ్వకండి అని చెబుతుంటాను. రేపూ చెబుతాననుకుంటా, అలవాటైన నోరు. అసలు రూలనేది లేకపోతే వాళ్ళిద్దరికీ ఆ దొంగాట కుదిరేదా అని కూడా అనిపిస్తోంది. ఇలా సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మరి నేను పక్కగదిలో ఉండిపోయిన సాయంత్రాలు తక్కువ, మధ్యలో వచ్చి కూర్చున్నవే ఎక్కువ కదా.

"నీకెప్పుడూ వేసి చూపించలేదా?" అంది పడుకోబోయే ముందు, జాలిగా.

ఆదివారం దానికి తోచింది అది చెప్పుకుంటుంది. నా వంతుకి నాలుగు ముక్కలు రాసుకుందామని కూర్చున్నాను. మొదటి మాటే మళ్ళీ 'గొప్ప' అని పడింది. కొట్టేసి, 'నాన్న వేళ్ళు' అని రాశాను. ఇంకా అక్కడే ఉంది.