నెమలికంఠం రంగు ఫోటోలో పడేదాకా

మాది మంగళగిరి. మామయ్యగారు గుంటమగ్గం మీద నూలు చీరలు నేస్తారు. కిందటేడు చిన్న వెబ్‌సైట్ పెట్టుకుని నేనే నేరుగా అమ్మడం మొదలుపెట్టాను. మొదటి నెలలోనే ఒక నెమలికంఠం చీర తిరిగొచ్చింది. "చీర బాగుందండీ, కానీ ఫోటో చూసి నీలం అనుకున్నాను. ఇందులో ఆకుపచ్చ కూడా ఉంది" అని కొన్నావిడ మెసేజ్ పెట్టారు. ఆవిడ తప్పేం లేదు. నేను తీసిన ఫోటోలో ఆకుపచ్చ ఎక్కడా పడలేదు.

ఆ చీరకి పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డం పోగులు) ఆకుపచ్చ. ఎదురుగా చూస్తే నీలం, బట్ట వంపు తిరిగినచోట ఆకుపచ్చ. నేనేమో మడతపెట్టిన చీరను నేలమీద పరిచి, ట్యూబులైటు వేసి, కిటికీ కూడా తెరిచి, సూటిగా పైనుంచి తీశాను. తిరిగొచ్చిన చీరను చూసి మామయ్యగారు ఒక్క మాట అనలేదు. మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టేశారు. నాలుగు మాటలు అనేసినా బాగుండేదనిపించింది. ఉన్న 38 చీరలకూ ఫోటోలు మళ్లీ తీయాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

ముందుగా ట్యూబులైటు ఆర్పేశాను. పగటి వెలుతురు, లైటు వెలుతురు కలిస్తే ఒకే చీర ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు అవుతుంది. తర్వాత ఫోన్‌లో ఎంత దిద్దినా రెండు పక్కలూ ఒకేసారి దారికి రావు. మాకు ఉత్తరం వైపు వరండా ఉంది. అక్కడ నేరుగా ఎండ పడదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వెలుతురు నిలకడగా ఉంటుంది. చీరను దండెం మీద వేసి, వెలుతురు పక్కనుంచి తగిలేలా జరిపి, నీడ పడే వైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టాను. వెలుతురు ఎదురుగా కొడితే జరీ అంచు తెల్లగా పేలిపోతుంది. పక్కనుంచి వస్తే జరీ పోగు పోగూ తెలుస్తుంది.

ఇంత చేసినా రంగు కుదరలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక అసలు సంగతి అర్థమైంది. ఫ్రేమంతా ఒకే రంగు నిండితే, వెలుతురే ఆ రంగులో ఉందనుకుని ఫోన్ దాన్ని తగ్గించేస్తుంది. మనం చూసే నీలాన్ని అది వెలిసిన నీలం చేస్తుంది. అందుకని ఫోన్ అన్నీ తానే సర్దుకునే ఆటో మోడ్ వదిలేసి, మనమే సర్దుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లాను. చీర పక్కన బూడిదరంగు కార్డు పెట్టి, వెలుతురు రంగును బట్టి ఫోటో రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురుకి దగ్గరగా ఉండే 5500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి, కార్డు అసలు బూడిదరంగులోనే కనిపించేదాకా జరిపాను. ఒకసారి కుదిరాక ఆ పూటంతా దాన్ని ముట్టుకోలేదు. తెల్ల గోడ ముందు ఫోటో నల్లబడుతుంటే ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) కొంచెం పెంచాను. ముదురు రంగులు పాలిపోతుంటే తగ్గించాను.

నెమలికంఠం చీరను మాత్రం కుచ్చిళ్లలా మడతలు పెట్టి, దండెం మీద వదులుగా వదిలాను. ప్రతి మడత ఒంపులోనూ సన్నటి ఆకుపచ్చ గీత మెరిసింది. ఫోన్ స్క్రీన్ మీద అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. మామయ్యగారిని పిలిచి చూపించాను. చీర ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరకెళ్లి చాలాసేపు చూశారు. "ఇది మన చీరే అమ్మా" అన్నారు.

ఒక్కో చీరకి ఐదు ఫోటోలు: మొత్తం చీర, కొంగు, అంచు, నేత దగ్గరనుంచి, జాకెట్టు ముక్క. అంచు ఫోటోలో స్కేలు పెట్టి తీశాను. అంచు ఎంత వెడల్పని అడగని వాళ్లు లేరు మరి.

ఫోటోలు చిన్నవి చేయడం దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఫోన్ నుంచి వచ్చిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ. అలాగే ఎక్కిస్తే ఒక చీర పేజీకే ఇరవై ఎంబీ దాటుతుంది. పల్లెలో సిగ్నల్ సరిగా లేని మనిషి అంతసేపు ఆగదు. పొడవు వైపు 1600 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 80 పెడితే ఒక్కోటి 250 కేబీ దగ్గరకొచ్చింది. కానీ మా మరిది ఐఫోన్‌తో తీసినవి మాత్రం చిన్నవి చేశాక వెలవెలబోయాయి. ఆ ఫోన్ "డిస్‌ప్లే పీ3" అనే రంగుల పద్ధతిలో ఫోటో దాస్తుంది. కుదించేటప్పుడు ఆ వివరం ఊడిపోతే బ్రౌజర్ రంగుల్ని తప్పుగా చదువుతుంది. ముందే వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతికి మార్చుకుని, ఆ తర్వాత కుదించాను. అప్పుడు సరిపోయింది.

ఫైళ్లకి చీర నంబరు, రంగు, ఏ భాగమో పెట్టుకున్నాను. ప్రతి ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే మాటలు) తెలుగులోనే రాశాను. చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది అదే కదా, అందుకే "చీర ఫోటో" అని వదిలేయకుండా "నీలం పడుగు, ఆకుపచ్చ పేక, జరీ అంచు" అని పూర్తిగా రాశాను.

నేరేడుపండు రంగు చీరలు మూడున్నాయి. ఎన్ని తంటాలు పడ్డా ఫోటోలో నీలం వైపే లాగుతున్నాయి. ఎడిటింగ్‌లో ఎరుపు పెంచితే అంచు పాడవుతోంది. ప్రస్తుతానికి ఆ మూడింటి కింద మొదటి వాక్యమే ఇలా రాశాను: "చేతిలోకి తీసుకుంటే ఈ చీరలో ఎరుపు ఫోటోలో కన్నా ఎక్కువ కనిపిస్తుంది."