బిల్లు ప్రింటర్లో తాయెత్తు

గోడంత తెర, దాని నిండా మెరుస్తూ తిరిగే అంకెలు. మధ్యయుగపు తాయెత్తుల మీద మీడియా కళాఖండం ఒకటి చేసి మిత్రుల ప్రదర్శనలో పెడదామని బయలుదేరినప్పుడు నా ఊహ ఇది. తీరా తేలింది కిరాణా కొట్టులో బిల్లులు కొట్టే చిన్న ప్రింటర్ దగ్గర.

అలాంటి తాయెత్తుల మీద కనిపించే మూడు గళ్ల మాయా చదరంతో మొదలుపెట్టాను. 4 9 2, 3 5 7, 8 1 6. ఎటు కూడినా 15. నాలుగు మూలల్లోనూ సరిసంఖ్యలే. అరబ్బీలో అక్షరాలకు అంకెల విలువలుంటాయి: బా 2, దాల్ 4, వావ్ 6, హా 8. కలిపి పలికితే ‘బుదూహ్’. ఉత్తరం క్షేమంగా చేరాలని దాని మీద ఈ మాటో, ఈ అంకెలో రాసేవారట. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అయితే మూడు గళ్లలో ఉన్నది ఒకటే చదరం, తిప్పి, అద్దంలో చూస్తే ఎనిమిది రూపాలు. తెరకు అది చాలదని నాలుగు గళ్లకు వెళ్లాను. అవి 880 అని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఫ్రెనికల్ లెక్కతేల్చాడు. నా ప్రోగ్రాం 7040 చూపించింది. మూడు రాత్రులు తప్పు వెతికాను. చివరికి చూస్తే ప్రతి చదరాన్నీ తిప్పి, అద్దంలో చూసి, ఎనిమిదేసిసార్లు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆయన దగ్గర కంప్యూటర్ లేదన్న సంగతి ఆ పూట బాగా గుచ్చుకుంది.

అంత చేసి తెర మీద వేస్తే, మిత్రుడొకడు రెండు క్షణాలు చూసి “బాగుంది” అని టీకి వెళ్లిపోయాడు.

అప్పుడు మళ్లీ ఈజిప్టు తాయెత్తుల బొమ్మలు తీశాను. 10, 11 శతాబ్దాల నాటివి, ఐరోపాలో అచ్చుయంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్‌కు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందే అచ్చుతో కాగితం మీద వేసినవి. సన్నటి పొడవాటి పట్టీలు. మడిచి చిన్న లోహపు గొట్టంలో పెట్టి ఒంటి మీద ధరించేవారు. లోపల ఏముందో రోజూ ఎవరు విప్పి చూస్తారు? మన రాగిరేకు తాయెత్తూ అంతే. గీతల చక్రానికీ, నడిచే మరకూ మనం ‘యంత్రం’ అనే ఒకే మాట వాడుతున్నామని అప్పుడే తట్టింది.

తెర తీసేశాను. మీట నొక్కితే ప్రింటర్ ఒక చదరాన్ని సన్నటి చీటీ మీద కొట్టి ఇస్తుంది. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. చీటీ నాలుగు మూలల్లో 2, 4, 6, 8. చిక్కల్లా, ఆ కాగితం వేడితో నల్లబడే రకం, కొన్ని నెలలకు అక్షరాలు వెలిసిపోతాయి. మంచి కాగితం కొందామనుకుని, మానేశాను.

ప్రదర్శన రోజున ఒక పెద్దావిడ చీటీని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, ఫోను వెనక తొడుగులో దోపుకున్నారు. నాది పర్సులో ఉంది. ఈపాటికి తెల్లబడే ఉంటుంది. విప్పలేదు.