జెండా తాడు సంగతి

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు స్వేచ్ఛ మీద రాయమన్నారు. ఓరుగల్లులో ఆ మాట జెండా తాడు దగ్గరే మొదలవుతుంది. 1946 ఆగస్టు 11న ఖిలా వరంగల్‌లో జెండా ఎగరేసినందుకు నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపారు. దేశమంతా పంద్రాగస్టు చేసుకున్న మరుసటి నెల, 1947 సెప్టెంబరు 2న, ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉన్న పరకాలలో జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద కాల్పులు జరిగాయి. నిజాం లొంగింది 1948 సెప్టెంబరు 17న. ప్రాణాలు పోయిన ఆ పనిని ఇప్పుడు అతిథి ఒక్క గుంజుతో ముగిస్తాడు. జెండా కట్టడం మాత్రం ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఆ పని తెలిసిన పిల్లలు బడిలో తగ్గిపోయారు.

బడికి 1350 × 900 మిల్లీమీటర్ల జెండా చాలు. కాషాయం వైపు పై తాడుకు, ఆకుపచ్చ వైపు కింది తాడుకు కట్టాలి. తలకిందులయ్యేది ఇక్కడే, చీకట్లో కడితే మరీను. ఇద్దరు చెరోవైపు పట్టి కాషాయాన్ని, ఆకుపచ్చను తెలుపు కిందికి మడవాలి. తర్వాత పొరలు పొరలుగా తాడు వైపు మడుస్తూ వచ్చి, నడుమ గుప్పెడు పూరేకులు వేయాలి. ఎక్కువేస్తే బరువుకు మూట జారుతుంది, తడి రేకులైతే గుడ్డకు అంటుకుంటాయి.

అసలు కిటుకు ముడిలో ఉంది. కింది తాడును మూట చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసను కాదు, తాడు మడతనే చుట్టు కిందికి దూర్చాలి. కింది నుంచి గుంజితే ఆ మడత ఊడి జెండా విచ్చుకుంటుంది. కొస మొత్తం దూర్చారా, అది గట్టిముడి; గుంజినకొద్దీ బిగుస్తుంది. అతిథి మొహం ఎర్రబడేది అప్పుడే! నూలు తాడు ఆగస్టు వానకు ఉబ్బి గిరకలో ఇరుక్కుంటుంది. నైలాన్ తాడు నున్నగా ఉండి సగం దూరంలోనే విప్పుకుంటుంది, దానికి ఇంకో చుట్టు వేయాలి. గిరకకు నూనె పెట్టి, సాయంత్రమే ఒకసారి ఎక్కించి దించి చూడాలి. ఇరుక్కుంటే స్తంభం ఎక్కనివ్వొద్దు, దించి మళ్లీ కట్టాలి. జెండా విచ్చుకున్నాకే జనగణమన అందుకోవాలి.

తడిసిన జెండాను మడిచి బీరువాలో పెడితే తెలుపు మీద బూజు మరకలు పడతాయి. చినిగితే నలుగురి కళ్లబడకుండా, మర్యాదగా కాల్చేయాలి.

పూర్వ విద్యార్థులం పెద్ద స్తంభం కట్టిద్దామంటున్నాం. ముందు గిరక, తాడు మార్పిద్దాం. ముడి వేసే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పజెప్పమని హెడ్మాస్టరు గారిని అడుగుదాం.