మైలుతుత్తం ఇనుప బకెట్లో ఎందుకు కలపకూడదు

అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నంతో చేసే తెగుళ్ల మందు బోర్డో మిశ్రమం కలిపాక చాకు ముంచి చూడడం చాలామంది వదిలేస్తారు. వదలొద్దు.

ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం కిలో, రాతిసున్నం కిలో, నీళ్లు 100 లీటర్లు. తుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీళ్ల పైభాగాన రాత్రే వేలాడదీస్తే తెల్లారేసరికి కరుగుతుంది. అడుగున పడేస్తే అక్కడే గడ్డగా ఉండిపోతుంది. ఇంకో డ్రమ్ములో సున్నాన్ని తడిపి, విచ్చుకున్నాక, మిగతా 50 లీటర్లలో కలిపి వడగట్టండి. అందులోకి తుత్తం నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో తిప్పాలి. చివరగా, మెరిసేలా రుద్దిన ఇనుప చాకును ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి పొర కనబడితే సున్నం చాల్లేదన్నమాట. పొర రావడం ఆగేదాకా సున్నపు నీళ్లు కలపండి, లేకుంటే లేత ఆకులు మాడిపోతాయి. కలిపిన మందు ఆరోజే కొట్టేయాలి.

ఆ ఎరుపు తుప్పు కాదు, రాగి. ఇనుము తాను కరిగిపోతూ, తన ఎలక్ట్రాన్లను నీళ్లలోని రాగి అయాన్లకు (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులకు) ఇచ్చేసింది. ఇనుప బకెట్లో జరిగేదీ అదే. కిలో తుత్తంలో ఉండే రాగి దాదాపు 255 గ్రాములు. అదంతా బకెట్‌కు అంటుకుంటే 224 గ్రాముల ఇనుము కరుగుతుంది. బకెట్‌కు చిల్లు, మందులో సత్తువ పోవడం, రెండూ నష్టమే. జింకు పూత బకెట్ కూడా పనికిరాదు, జింకు ఇనుముకంటే ముందే కరుగుతుంది.

ఇనుము, జింకు కరిగి రాగి ఎందుకు బయటపడుతుంది? రాగి ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. లెక్క అంతకంటే బాగుంటుంది. లోహం కరగాలంటే ముద్దలోంచి పరమాణువు విడిపడాలి, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలి, ఆ తర్వాత నీళ్లు దాన్ని చుట్టుకుని కొంత శక్తి తిరిగిస్తాయి. ఒక మోల్‌కు (పరమాణువులను లెక్కించే కొలత) కిలోజౌళ్లలో, విడిపడడానికి రాగికి 340, ఇనుముకు 415, జింకుకు 130. ఎలక్ట్రాన్లకు వరుసగా 2700, 2320, 2640. నీళ్లు తిరిగిచ్చేది సుమారు 2100, 1950, 2050. మిగిలే ఖర్చు రాగికి 940, ఇనుముకు 785, జింకుకు 720. ఖర్చు తక్కువైనదే ముందు కరుగుతుంది.

చూడండి, ఎలక్ట్రాన్ల విషయంలో జింకుకూ రాగికీ పెద్ద తేడా లేదు. జింకు పరమాణువులు ముద్దలో వదులుగా ఉంటాయి, అందుకే 420 డిగ్రీలకే కరుగుతుంది. రాగికి 1085 కావాలి. ఇనుము కథ వేరు. ముద్ద బిగువే, ఎలక్ట్రాన్లు మాత్రం తేలిగ్గా వదులుతుంది.

ముందు కరిగే లోహాల ఈ వరుసలో అల్యూమినియం జింకుకంటే ముందుంటుంది గానీ, పైనున్న పలుచని ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పు బోరు నీళ్లలోని క్లోరైడ్ ఆ పొరను చీలుస్తుంది కాబట్టి తుత్తం నీళ్లకు అల్యూమినియం పాత్ర కూడా వద్దు.