గయలో నాన్నగారి పద్దు

నాన్నగారి సంవత్సరీకాలు పూర్తయ్యాక అమ్మను వెంటబెట్టుకుని ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలకు వెళ్లివచ్చాను. అస్థికలను కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర గోదావరిలో అప్పుడే కలిపాం కనుక ఈ ప్రయాణం ముఖ్యంగా గయా శ్రాద్ధం కోసమే. గయాసురుడి శిరస్సు గయలోనూ, నాభి జాజ్‌పూర్‌లోనూ, పాదాలు మన పిఠాపురంలోనూ ఉన్నాయని పెద్దలు చెబుతారు. నానమ్మ పోయినప్పుడు నాన్నగారు దొరికిన కొద్దిపాటి సెలవులో పిఠాపురం పాదగయలోనే పిండాలు పెట్టి, అటునుంచి అటే సైన్యంలోని తన యూనిట్‌కు వెళ్లిపోయారు. శిరోగయకు తాను వెళ్లలేకపోయానన్న వెలితి ఆయనకు చివరిదాకా ఉండేది.

మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, అందరూ మిలటరీ మాధవరం అని పిలిచే మాధవరానికి పక్కనే ఉంటుంది. సెలవుపై వచ్చే సైనికులను చూస్తూ పెరిగిన కుర్రవాడు పట్టాళంలో చేరడం మా ప్రాంతంలో వింత కాదు. నాన్నగారు సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో చేరి, సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది వాహనాల మెకానిక్ అయ్యారు. 1971 డిసెంబరు యుద్ధంలో ఆయన యూనిట్ అగర్తల వైపు నుంచి తూర్పు రంగంలోకి వెళ్లింది. ఆగిపోయిన శక్తిమాన్ లారీలను ఎక్కడివక్కడే బాగుచేసి మళ్లీ నడిపించడం ఆయన పని. ఆ యుద్ధానికి వచ్చిన పతకాలు పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ నల్ల ట్రంకు పెట్టెలో అడుగున ఉండేవి. యుద్ధం గురించి మేము అడిగితే బురద గురించి, ఇంజిన్ల గురించి చెప్పేవారు కానీ మనుషుల ప్రస్తావన వస్తే మౌనం వహించేవారు. ఆ నెలల్లో 99 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకు తాను రాసిన ఉత్తరాలకు జవాబు రాక, పోస్టుమాను వచ్చే వేళకు రోజూ వీధి అరుగు మీద కూర్చునేదాన్నని అమ్మ రైల్లో నాతో చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట నేను వినడం అదే మొదలు.

హవల్దారుగా పదవీ విరమణ చేశాక తాడేపల్లిగూడెంలో లారీల విడిభాగాల దుకాణం పెట్టారు. ఉల్లిపాయల మార్కెట్టుకూ, బియ్యం మిల్లులకూ వచ్చే లారీలతో ఊరు ఎప్పుడూ కిటకిటలాడేది. క్లచ్ ప్లేటు పోయి సరుకుతో సహా నడిరోడ్డు మీద నిలిచిపోయిన డ్రైవరు ఏ రాష్ట్రం వాడైనా, చేతిలో డబ్బు లేకపోయినా, ఆయన సామాను ఇచ్చి పంపేవారు. పేరు, బండి నంబరు, ఊరు పద్దులో రాసుకునేవారు. తిరిగివచ్చి తీర్చినవారే ఎక్కువ. రానివారి పద్దును మాత్రం కొట్టివేయకుండా ఏటేటా కొత్త పుస్తకంలోకి ఎక్కించేవారు. ఇది వ్యాపార దక్షత అవునో కాదో నేను చెప్పలేను గానీ, మా ముగ్గురి చదువులూ, చెల్లెలి పెళ్లీ ఆ దుకాణం మీదనే జరిగాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏడాదికి రెండు నెలలే మాతో గడిపినందుకేమో, ఎంత బేరం ఉన్నా రాత్రి ఎనిమిదింటికి షట్టరు దించి, మాతో కలిసి భోంచేసేవారు.

ఆయన పోయాక పుస్తకాలు చూస్తుంటే చివరి పుటలో మూడు పేర్లు కనిపించాయి. వాటి పక్కన ఊళ్లున్నాయి కానీ సొమ్ము లేదు. బాకీదారులేమోనని అమ్మను అడిగాను. వాళ్లు ఆయనతో పనిచేసి యుద్ధంలో పోయినవారని, ఏ పుస్తకం మార్చినా ముందుగా ఆ మూడు పేర్లు రాసేవారని ఆమె చెప్పింది. ఆ పుటను నేను గయకు తీసుకువెళ్లాను.

ప్రయాగలో పడవ మీద సంగమానికి వెళ్లి, తలనీలాలు ఇచ్చి స్నానం చేశాను. కాశీలో పాండే హవేలీ దగ్గరి ఆంధ్ర ఆశ్రమంలో దిగాం. కేదారఘట్టంలో స్నానం, విశ్వేశ్వరుడి దర్శనం, అన్నపూర్ణాలయం అన్నీ ప్రశాంతంగా జరిగాయి. నా మనసు మాత్రం గయ మీదనే ఉంది.

గయలో ఫల్గుణీ నది ఒడ్డున తెలుగు పురోహితులు కార్యక్రమం మొదలుపెట్టారు. రాముడు దగ్గర లేని సమయంలో సీతమ్మ దశరథుడికి ఇసుకతో పిండం పెట్టిందని, ఫల్గుణి అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆమె శాపంతో ఇసుక కింద ప్రవహించే నది అయిందని కథ. 2022లో రబ్బరు డ్యాం కట్టిన తర్వాత విష్ణుపాదం రేవు దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విష్ణుపాద ఆలయంలో, వెండి తొడుగు మధ్య రాతిమీద ఉన్న పాదముద్ర దగ్గర నాన్నగారికి, తాతముత్తాతలకు పిండాలు సమర్పించాను.

ఆ తరువాత ధర్మపిండాలు పెట్టే ఘట్టం వచ్చింది. బంధువులైనవారికీ, కానివారికీ, వేరే జన్మలో బంధువులైనవారికీ తృప్తి కలగాలని చెప్పే మంత్రం అందులో ఉంది. నేను కాగితం తీసి మూడు పేర్లూ చూపించాను. గోత్రాలు తెలియవంటే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చన్నారు. మూడవ వ్యక్తి కేరళకు చెందిన క్రైస్తవుడు. ఆ సంగతి దాచడం నాకు సరికాదనిపించి చెప్పాను. పురోహితుడు కాసేపు ఆలోచించి, "మీ తండ్రిగారి మిత్రుడని సంకల్పం చెప్పండి, పెట్టేది మీ శ్రద్ధ" అన్నారు. ఆ మూడు పిండాలు పెట్టేటప్పుడు, నాన్నగారి పేరు చెప్పినప్పుడు కూడా రాని దుఃఖం నాకు వచ్చింది. అమ్మ కాగితం చేతిలోకి తీసుకుని, పిండం పెట్టిన ప్రతిసారీ ఆ పేరు తాను కూడా పైకి చదివింది. అక్షయవటం అనే పవిత్ర మర్రిచెట్టు దగ్గర ఇష్టమైన కూర, పండు వదలమంటే వంకాయ, సీతాఫలం వదిలాను. గయ క్షేత్ర పురోహితుడైన గయావళి బ్రాహ్మణుడు, శ్రాద్ధం ఫలించిందని సుఫలం పలికాడు.

ఇంటికి వచ్చాక కాశీ సమారాధన చేశాం. చుట్టాలతో పాటు మాధవరం నుంచి మాజీ సైనికులను, నాన్నగారి దగ్గర సామాను కొన్న పాత డ్రైవర్లను పిలిచాం. గంగపూజ అయ్యి, కాశీదారాలు పంచుతుండగా ఒక ముసలి డ్రైవరు అమ్మ దగ్గరకు వచ్చి, తనకు ఎన్నడో అరువిచ్చిన బేరింగుల సొమ్మంటూ కొన్ని నోట్లు చాచాడు. వద్దనమని నేను సైగ చేశాను. అమ్మ వినలేదు. "ఆయన ఉంటే పుచ్చుకునేవారు. తీర్చడానికి వచ్చిన మనిషిని వెనక్కి పంపితే తప్పు బాబూ" అని డబ్బు అందుకుని, నా చేత దుకాణం పుస్తకం తెప్పించి, అతని పద్దు వెతికించి, ఎదురుగా జమ అని రాయించింది.