బాధ కూడా లేని బాధ

డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోవడమే అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏడుపే రాలేదు. తాతయ్య పోయిన రోజు వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, మంచినీళ్లు అందిస్తూ తిరిగాను. "గుండె గట్టివాడు" అన్నారు బంధువులు. గట్టితనం కాదది, లోపల ఏదీ కదలడం లేదు. ఆఫీసు పని చేసేవాణ్ణి, ముందు పెడితే తినేవాణ్ణి. తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. ఇష్టమైన పాటలూ వట్టి చప్పుడే.

ఒక్క 'పారనాయిడ్' తప్ప, బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పాట. 1970లో ఆల్బమ్‌లో కాస్త ఖాళీ మిగిలితే హడావుడిగా చేసిన పాట. మూడు నిమిషాలు కూడా ఉండదు. కాలేజీ రోజుల నుంచి గిటార్ కోసమే విన్నాను, ఈసారి మాటలు వినిపించాయి. సంతోషం అనుభవానికి రావడం లేదని, ప్రేమ కూడా నిజమనిపించడం లేదని ఓజీ ఆస్బోర్న్ పాడతాడు. రాసింది బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌లో పెరిగిన గీజర్ బట్లర్, ఆ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు. అప్పట్లో తను పడుతున్నది డిప్రెషనే అని తర్వాత ఆయనే చెప్పాడు. మెలోడీ పాటలు వింటే నన్ను బాధపడమన్నట్టు ఉండేది. నాకు బాధ కూడా లేదే! ఈ పాట ఉన్నదున్నట్టు గబగబా చెప్పేసి ఆగిపోతుంది. ఇలాంటివి వినే ఇలా తయారయ్యావని ఒక బంధువు అన్నాడు. నా ఉద్దేశంలో అది పూర్తిగా తలకిందులు.

అంతకుముందు ఒక క్లినిక్‌లో "టెన్షన్ తగ్గించుకో" అని విటమిన్ మాత్రలిచ్చి పంపేశారు. తర్వాత అన్నయ్య సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎలా ఉందో చెప్పమంటే నోరు పెగల్లేదు. ఆ పాటలో ఉన్నదే నా మాటల్లో చెప్పాను. ఆవిడ థైరాయిడ్, బీ12 పరీక్షలు రాశారు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. అలా అడిగినందుకు ఇప్పటికీ ఆవిడంటే గౌరవం. చావాలనీ లేదు, బతకాలనీ లేదన్నాను. తేలిగ్గా తీసెయ్యకుండా అదీ రాసుకున్నారు.

ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. మొదట్లో వికారం. తర్వాత నిద్ర కుదిరింది. ఆ తర్వాత తిరిగొచ్చింది సంతోషం కాదు, కోపం. నా చార్జర్ తీసుకెళ్లాడని అన్నయ్య మీద అరిచాను. "అమ్మా, వీడికి కోపం వచ్చిందే!" అంటూ వాడు వంటింట్లోకి పరుగెత్తాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలా ఉంది.

పాట చివర, మీరైనా జీవితాన్ని ఆనందించండి, నాకు ఆలస్యమైపోయింది అంటాడు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. బట్లర్‌కు కూడా చాలా ఏళ్ల తర్వాత చికిత్స దొరికింది. నాకింకా మందు నడుస్తోంది, డాక్టరే డోసు తగ్గిస్తున్నారు. మీకూ ఇలాగే ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. "నాకేమీ అనిపించడం లేదు" అని చెప్పినా సరిపోతుంది.