లినక్స్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉన్నట్టుండి మాయమవుతుంటే

ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, మౌస్ కదులుతుంది, కానీ ఏ ఫైలూ తెరుచుకోదు. ఏ కమాండ్ కొట్టినా ఇన్‌పుట్/ఔట్‌పుట్ ఎర్రర్. రూట్ ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోయి ఉంటుంది. రీబూట్ చేస్తే, కొన్నిసార్లు పవర్ పూర్తిగా తీసి పెడితే తప్ప, డ్రైవ్ మళ్ళీ కనబడదు. తర్వాత లాగ్ వెతికితే అందులో ఏమీ ఉండదు. లాగ్ రాసుకోవాల్సిన డ్రైవే లేకుండా పోయింది మరి. ఎన్‌వీఎంఈ (పీసీఐఈ బస్సు మీద కంప్యూటర్‌కు కలిసే) ఎస్‌ఎస్‌డీ చచ్చిపోయిందని కొత్తది కొనే ముందు ఇది చదవండి. చాలాసార్లు డ్రైవ్ బాగానే ఉంటుంది, నిద్రలోంచి లేవడమే దానికి చేతకాదు.

(కమాండ్లను, ఫైల్ పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.)

ముందు రుజువు కావాలి. ఒక టెర్మినల్‌లో రూట్‌గా డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ నడిపి వదిలేయండి. డ్రైవ్ పోయినప్పుడు తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. 'కంట్రోలర్ ఈజ్ డౌన్; విల్ రీసెట్' అన్న వరుసలో సీఎస్‌టీఎస్ (కంట్రోలర్ స్థితి చెప్పే అంకె) విలువ మొత్తం ఎఫ్‌లే ఉంటే, పీసీఐఈ బస్సు మీద పిలిచినా డ్రైవ్ అసలు పలకలేదని అర్థం. కొత్త కెర్నల్‌లయితే దాని కిందే 'మీ పరికరంలో లోపమున్న పవర్ సేవింగ్ మోడ్ ఆన్‌లో ఉందా?' అని అడిగి, ఏ పారామీటర్లు ప్రయత్నించాలో కూడా చెబుతాయి. వాటిని యథాతథంగా పెట్టేస్తే పని జరుగుతుంది గానీ, అవసరానికి మించి కోల్పోతాం.

ఇక్కడ మొదటి అనుమానం ఏపీఎస్‌టీ (ఆటానమస్ పవర్ స్టేట్ ట్రాన్సిషన్) అనే పవర్ సేవింగ్ మీద. అంటే, ఎంతసేపు ఖాళీగా ఉంటే ఏ స్థాయి నిద్రలోకి వెళ్ళాలో డ్రైవర్ ఒక పట్టికలో రాసిస్తుంది, ఆపైన డ్రైవ్ తనంతట తానే వెళుతుంది. లినక్స్‌లోకి ఇది 4.11 కెర్నల్‌తో, 2017లో వచ్చింది. మీ డ్రైవ్ ఏ స్థాయిలు ఇస్తుందో ఎన్‌వీఎంఈ ఐడీ-సీటీఆర్‌ఎల్ /డెవ్/ఎన్‌వీఎంఈ0 చూపిస్తుంది. ఉదాహరణకు ఒక డ్రైవ్‌లో పీఎస్3 (పీఎస్ అంటే పవర్ స్టేట్, అంకె పెరిగేకొద్దీ నిద్ర లోతు) దగ్గర 0.07 వాట్లు, లేవడానికి 1,200 మైక్రోసెకన్లు. పీఎస్4 దగ్గర 0.005 వాట్లు, పడుకోవడానికి 2,000, లేవడానికి 8,000 ఉన్నాయనుకోండి. పీఎస్4లో ఈ రెండూ కలిపి 10,000. పాత కెర్నల్‌లు దానికి 50 రెట్లు, అంటే అర సెకను ఖాళీ దొరికితే చాలు, డ్రైవ్‌ను అక్కడికి పంపేవి. అలా రోజుకు వేలసార్లు పడుకుని లేచే డ్రైవ్ ఒక్కసారి లేవకపోతే చాలు, కథ ముగిసినట్టే. అందుకే గంటసేపు బాగా నడిచిందని నమ్మకండి. మార్పు పెట్టాక కనీసం కొన్ని రోజులు, యంత్రాన్ని ఎక్కువసేపు ఖాళీగా ఉంచి మరీ చూడాలి.

ఎక్కువగా లోపం అన్నిటికంటే లోతైన స్థాయిలోనే ఉంటుంది. దాన్ని మాత్రం మూసేస్తే సరిపోతుంది. రీబూట్ లేకుండా పరీక్షించే దారి: /ఎస్‌వైఎస్/క్లాస్/ఎన్‌వీఎంఈ/ఎన్‌వీఎంఈ0/పవర్/పీఎం_క్యూఓఎస్_లేటెన్సీ_టాలరెన్స్_యూఎస్ ఫైల్‌లో 5500 రాయండి. లేవడానికి అంతకన్నా ఎక్కువ సమయం పట్టే స్థాయిలను డ్రైవర్ పట్టికలోంచి తీసేస్తుంది. పై ఉదాహరణలో పీఎస్4 పోతుంది, పీఎస్3 ఉంటుంది. మీ డ్రైవ్ అంకెలు వేరైతే, ఆ రెండు స్థాయిల ఎగ్జిట్ లేటెన్సీల (లేవడానికి పట్టే సమయాల) మధ్య ఏ అంకెయినా పనికొస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన 5500ను గుడ్డిగా పెట్టకండి.

నిలకడగా ఉందని తేలాక శాశ్వతం చేయండి. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లోని కెర్నల్ వరుసకు ఎన్‌వీఎంఈ_కోర్.డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=5500 చేర్చి, ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఫెడోరాలో అదే పని గ్రబ్బీ చేస్తుంది. రీబూట్ అయ్యాక /ప్రాక్/సీఎండీలైన్‌లో అది కనబడాలి. మాడ్యూల్ ఆప్షన్‌గా మోడ్‌ప్రోబ్.డీలో పెడితే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌ను) కూడా మళ్ళీ తయారు చేయాలి. అది మరిచిపోయి 'పెట్టినా పనిచేయలేదు' అనుకునేవాళ్ళే ఎక్కువ.

ఇంకా పోతుంటే 0 పెట్టండి, ఏపీఎస్‌టీ పూర్తిగా ఆగిపోతుంది. దీని ఖర్చు చిన్నది కాదు. పీఎస్4 ఒక్కదాన్ని వదులుకుంటే పోయేది 65 మిల్లీవాట్లే, బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. ఏ నిద్రా లేకపోతే డ్రైవ్ ఖాళీగా ఉన్నా వేడెక్కుతూనే ఉంటుంది.

అప్పటికీ తగ్గకపోతే అనుమానం పీసీఐఈ లింకు మీదికి, అంటే ఖాళీగా ఉన్న లింకుకు కరెంటు తగ్గించే ఏఎస్‌పీఎం మీదికి మళ్ళించాలి. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటి ఉంది. పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్ అంటే ఏఎస్‌పీఎంను ఆపడం కాదు, కెర్నల్ దాని జోలికి వెళ్ళకపోవడం. బయాస్ ముందే ఆన్ చేసి ఉంటే అది ఆన్‌లోనే ఉండిపోతుంది. నిజంగా ఆపాలంటే పీసీఐఈ_ఏఎస్‌పీఎం.పాలసీ=పర్ఫార్మెన్స్. ఆ తర్వాత రూట్‌గా ఎల్‌ఎస్‌పీసీఐ -వీవీ నడిపి, లింక్ కంట్రోల్ వరుసలో ఏఎస్‌పీఎం డిసేబుల్డ్ అని ఉందో లేదో కళ్ళతో చూసుకోండి.

సాటా డ్రైవ్‌లకూ ఇదే జబ్బుంది. అక్కడ మిన్_పవర్ అనే లింకు పవర్ పాలసీ కొన్ని డ్రైవ్‌లలో డేటాను కూడా పాడుచేసింది. కాబట్టి టీఎల్‌పీ లాంటి బ్యాటరీ ఆదా టూల్ దాన్ని పెడుతోందేమో చూసి, మెడ్_పవర్_విత్_డీఐపీఎం (4.15 నుంచి ఉంది) లేదా మ్యాక్స్_పర్ఫార్మెన్స్‌కు మార్చండి.

ఏ అంకె దగ్గర డ్రైవ్ నిలకడగా ఉందో తేలాక దాన్ని మీ దగ్గరే ఉంచుకోకండి. కెర్నల్‌లో ఇలాంటి డ్రైవ్‌ల కోసం క్విర్క్‌ల (ఫలానా పరికరానికి ప్రత్యేక మినహాయింపుల) జాబితా ఉంది. డెల్ ఎక్స్‌పీఎస్ 15 9550లో ఒక శామ్‌సంగ్ డ్రైవ్‌కు లోతైన స్థాయిని ఆపింది అదే. డ్రైవ్ పీసీఐ ఐడీ, ఫర్మ్‌వేర్ వెర్షన్, ల్యాప్‌టాప్ మోడల్, ఆ ఫొటో జతచేసి బగ్ రాయండి. రాసే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే టూల్ ఎఫ్‌డబ్ల్యూయూపీడీతో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడండి. ఉంటే వేసుకుని, పారామీటర్ తీసేసి మళ్ళీ పరీక్షించండి.